తక్కెడ యెవని చేతిది?

ఒక దేశమున ధర్మము నిలిచియున్నదా లేదా యని తెలిసికొనగోరువాడు కచేరీలకును శాసనసభలకును పోనక్కరలేదు; సంతకు పోయి తక్కెడను చూచిన చాలును. తూకపురాళ్లు సరిగా నున్నచోట బలహీనుడు సైతము ధైర్యముగా బేరమాడును. ఆ రాళ్లు వర్తకుని యింటనే తయారై, వర్తకునిచేతనే పరీక్షింపబడి, వర్తకుని పెట్టెలోనే దాగియున్నచోట, ఎంత యోగ్యుడు కూర్చుండి తూచినను కొనువాని మనస్సునకు శాంతి యుండదు. ఇది మన పెద్దలెరిగిన మాటయే. నేడు మన యింటి ముంగిట నొక క్రొత్త తక్కెడ వచ్చి నిలుచుచున్నది. దానిపేరు స్మార్టు మీటరు.

పాత మీటరు మూగది. నెలకొకమారు మనిషి వచ్చి దాని ముఖము చూచి యంకెలు వ్రాసికొని పోవువాడు. ఈ క్రొత్తది మాటలాడును. అరగంటకో పావుగంటకో ఇంటి వాడుకను కొలిచి దూరముననున్న కార్యాలయమునకు వార్త పంపును; ఇంటికి విద్యుత్తు నిలిచిపోయిన సంగతిని తానే తెలుపును; అచ్చటనుండి యాజ్ఞ వచ్చినచో తనంతట తానే సరఫరాను తెంచివేయును. కొలుచువాడును, సాక్ష్యము చెప్పువాడును, శిక్ష నమలుపరచువాడును ఒక్కడే యైనట్లున్నది. ఇంతటి శక్తిగల వస్తువు గుమ్మమున నిలుచుచుండగా, దీని నెవరు చేసిరి, ఎవరు పరీక్షించిరి, ఇది యెవరి మాట వినునని యడుగుట గృహస్థధర్మము. అడుగకుండుట మర్యాద కాదు, ఏమరుపాటు.

2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము విద్యుత్ పంపిణీని సంస్కరించుటకై యొక పథకమును ప్రారంభించినది. దాని మొత్తము వ్యయము 3,03,758 కోట్ల రూపాయలని యంచనా. అందు ముఖ్యభాగము 25 కోట్ల ప్రీపెయిడు స్మార్టు మీటర్లు. 2025 మార్చి నాటికి సేద్యపు మోటార్లు తప్ప తక్కిన వినియోగదారులందరికిని వీనిని బిగించివేయవలెనని మొదట గడువు పెట్టిరి. గడువు గడచిపోయినది, లక్ష్యము దూరముననే నిలిచినది. ఈలోగా 2024లో గుజరాతునందలి వడోదరలో ప్రజలు వీధులకెక్కిరి. 2025లో ఆంధ్రదేశమున వామపక్షములును ప్రజాసంఘములును ఆందోళన సాగించెను. పండితులు వ్రాసిన యోజన పామరుని గుమ్మమునొద్ద అడ్డగింపబడినదన్నచో, తప్పంతయు పామరునిదేయని తీర్పు చెప్పుట సులభము. అది న్యాయము మాత్రము కాదు.

ఈ విషయమున మన పట్టణములలో రెండు పక్షములు వినబడుచున్నవి. ఒక పక్షమువారికి యంత్రమని పేరున్న ప్రతి వస్తువును దేవతయే. క్రొత్త దేవతకు గుడి కట్టుటయే తప్ప ప్రశ్న వేయుట పాపమని వారి మతము. రెండవ పక్షమువారికి క్రొత్తది యేదియైనను పిశాచమే. మీటరును పగులగొట్టినచో దేశము బాగుపడునని వారి నమ్మకము. మొదటివారు మోసపోవుదురు; రెండవవారు వెనుకబడుదురు. మేము ఈ రెండు పక్షములలో దేనికిని చేరము. మన విద్యుత్ జాలమునకు బుద్ధి రావలయును; కాని యా బుద్ధి యొక సంస్థ సొత్తు కారాదు. అది దేశమంతటికి సామాన్యమైన ప్రమాణములపై నిలువవలయును; ప్రజలు పరీక్షింపదగినదై యుండవలయును; పై నుండి క్రిందికి రావలయునే గాని క్రింది పేదవాని గుమ్మముతోనే మొదలై యచ్చటనే ముగియరాదు.

బుద్ధి యేల కావలయునో మొదట చెప్పెదము. విద్యుత్తు ధాన్యము వంటిది కాదు; గాదెలో పోసి యుంచునది కాదు. తీగెలలో నడచునది యుత్పత్తియైన క్షణమందే వినియోగము కావలయును. కాశ్మీరము మొదలు కన్యాకుమారివరకు ఒకే జాలమున చేరిన జనకయంత్రములన్నియు సెకనుకు 50 ఆవృత్తుల లయలో కలిసి తిరుగవలయును. వాడుక హెచ్చి యుత్పత్తి తగ్గినచో యంత్రములన్నియు నొకేమారు మందగించును. ఆ లయ 49.90కి తగ్గరాదనియు 50.05కు మించరాదనియు మన గ్రిడ్డు నియమావళి నిర్దేశించుచున్నది. వేయిమంది కలిసి లాగు రథమునకు తాళము తప్పినచో నేమగునో ఊహించుకొనుడు.

పూర్వము ఈ పని కొంత సులభముగా నుండెడిది. రామగుండమునందో విజయవాడయందో బొగ్గు కాల్చి పుట్టించిన శక్తి, కాలువనీరు పల్లమునకు పారినట్లు, పై నుండి క్రిందికి మాత్రమే ప్రవహించెడిది. నేడట్లు కాదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతమున 2017లో వేయి మెగావాట్ల సౌరక్షేత్రము పనిచేయ నారంభించినది. కోటి యిండ్ల కప్పులపై సౌరఫలకములు పెట్టింపవలెనని 2024 ఫిబ్రవరిలో కేంద్రము 75,021 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసినది. 2025వ సంవత్సరము మధ్యనాటికి దేశమందలి స్థాపిత విద్యుత్ సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, వాయువులకు చెందనిదైనది. సంతోషింపదగిన మార్పే. కాని సూర్యుడు మన యాజ్ఞకు లోబడినవాడు కాడు. దీపములు వెలిగించు వేళకే యాయన సెలవు పుచ్చుకొనును. మబ్బు పట్టినచో మధ్యాహ్నమే ముఖము చాటుచేయును. నిన్నటిదాక కొనువాడైన గృహస్థు నేడు పగలు అమ్మువాడును రాత్రి కొనువాడును అగుచున్నాడు. పగటి మిగులుతో నీటిని వెనుకకు తోడి రాత్రికి దాచగల యంత్రములు మన శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమున నున్నవి. వాని నెప్పుడు నడుపవలయునో తెలియవలెనన్నను ఎచ్చట నెంత మిగిలినది, ఎచ్చట నెంత కొరవడినదియను వార్త క్షణక్షణమును అందవలయును. ఇట్టి జాలమును కండ్లు మూసికొని నడుపజాలము. కావున బుద్ధియు, కొలతయు, వార్తయు కావలయుననువారితో మాకు వివాదము లేదు.

కొలత లేనిచో నేమగునో 2012వ సంవత్సరము మనకు నేర్పినది. జూలై 30వ తేది తెల్లవారుజామునకు ముందే ఉత్తరదేశపు గ్రిడ్డు కూలినది. మరునాడు మధ్యాహ్నము ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కూలినవి. అరువదికోట్లకు పైగా జనులున్న భూభాగమునకు విద్యుత్తు నిలిచినది. రైళ్లు పట్టాలపై నిలిచిపోయినవి; బొగ్గుగనులలో కార్మికులు చిక్కుకొనిరి. బీనా-గ్వాలియరు తీగెపై మితిమీరిన భారము పడి యది తెగుటతో ఆరంభమైన యుపద్రవమది. రాష్ట్రములు తమ వంతుకు మించి లాగుకొనుటయు, లాగవలదని చెప్పిన మాటను పెడచెవిని పెట్టుటయు దానికి తోడ్పడిన కారణములు.

ఆ దినమున దక్షిణదేశపు దీపములు వెలుగుచునే యుండెను. మన గ్రిడ్డప్పుడు ఉత్తరపు గ్రిడ్డుతో లయ కలిపినది కాదు. గాజువాక, రామగుండము మొదలైన కొన్ని ద్వారములగుండ మాత్రమే శక్తి మారుచుండెడిది. వేరుగా నుండుటచేత బ్రతికితిమని కొందరు గర్వించిరి. కాని యా వేర్పాటే అదే కాలమున మనలను మాడ్చినదని వారు మరచిరి. తూర్పున మిగులు విద్యుత్తుండగా దానిని తెచ్చుకొను త్రోవ చాలక, మన పరిశ్రమలకు ‘పవరు హాలిడే’ లను పేర వారమునకు కొన్ని దినములు తాళములు పడలేదా? కూలివాని పొయ్యి ఆరిపోలేదా? 2013 డిసెంబరు 31వ తేదిని రాయచూరు-షోలాపురము తీగె ద్వారమున దక్షిణ గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో లయ కలిపినది. నాటినుండి భారతదేశమంతయు నొకే జాలము, ఒకే ఆవృత్తి. 2012 నేర్పిన పాఠము కలయిక కూడదని కాదు. కట్టుబాటు లేని కలయిక కూడదని. ఉమ్మడి కుటుంబమునకు ఉమ్మడి నియమము వలయును.

ఉమ్మడి నియమమనగా సామాన్య ప్రమాణము. ఇది మనకు క్రొత్త మాట కాదు. మన తాతల కాలమున ఒక్కొక్క సంతకు నొక్కొక్క కుంచము. ఒక యూరి పుట్టి మరియొక యూరి పుట్టితో సరిపోదు. వీశెకును శేరుకును లెక్క కట్టుటలోనే రైతు బ్రతుకు తెల్లవారెడిది. ఈ గందరగోళమున లాభపడినవాడెవడు? పండించినవాడు కాదు, తినువాడు కాదు, నడుమ తూచువాడు. స్వతంత్రభారతము 1956లో శాసనము చేసి, 1958 మొదలుకొని క్రమముగా మెట్రిక్ తూనికలను కొలతలను దేశమంతట నెలకొల్పినది. కిలో యెచ్చటనైనను కిలోయే. నేడు చిన్నపిల్లవాడు పోయి సరకు తెచ్చినను తూకపు పేరున వాని నెవరును మోసగింపజాలరు. దేశభక్తి యుపన్యాసములు వేయి చేయలేని మేలును ఆ యొక్క శాసనము చేసినది.

రైలుమార్గముల సంగతి చూడుడు. పరదేశపు కంపెనీలు తమ సౌకర్యమునుబట్టి ఒకచోట పెద్ద పట్టాలును ఒకచోట చిన్న పట్టాలును వేసి పోయినవి. గుంతకల్లు వంటి కూడళ్లలో ఒక బండి సరకును దించి మరియొక బండికి ఎక్కించుటలో కూలీల నడుములు విరిగినవి, వర్తకుల కాలము వ్యర్థమైనది. ఆ యసందర్భమును సవరించుటకు 1992లో ప్రత్యేక సంకల్పమే చేయవలసివచ్చినది. పని పూర్తియగుటకు దశాబ్దములు పట్టినది. ప్రారంభమున చేసిన యేమరుపాటునకు మనుమలు వడ్డీ చెల్లించిరి.

పరదేశములలో జపానుకంటె గొప్ప సాక్ష్యము లేదు. 1895లో టోకియో నగరము జర్మనీ యంత్రమును కొన్నది. అది 50 ఆవృత్తులది. మరుసటి యేట ఒసాకా నగరము అమెరికా యంత్రమును కొన్నది. అది 60 ఆవృత్తులది. ఇద్దరు కొనుగోలుదారులు ఒకరితో నొకరు మాటలాడకపోవుటచేత ఆ దేశపు విద్యుత్తు నేటికిని రెండు ముక్కలు. 2011 మార్చిలో భూకంపమును సముద్రపు ఉప్పెనయు వచ్చి తూర్పు జపానులో విద్యుత్ కేంద్రములు పడిపోయినప్పుడు, పడమట శక్తి యున్నను ఇవతలికి తెచ్చుకొనుటకు వీలులేకపోయినది. రెండింటి నడుమ మార్పు చేయగల సామర్థ్యము సుమారు వేయి మెగావాట్లకు మించలేదు. ప్రపంచమున మేటియైన శాస్త్రజ్ఞులున్న దేశమది! నూటపదునైదు సంవత్సరములకు పూర్వము రెండు బేరములలో జరిగిన పొరపాటు, టోకియో పరిసరములను చీకటిలో కూర్చుండబెట్టినది.

మంచి ప్రమాణము చేయు మేలును మన కండ్లతో మనమే చూచుచున్నాము. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిచేత కూరగాయల బండివాడు ఏ బ్యాంకు ఖాతాదారునుండియైనను తన బ్యాంకులోనికి సొమ్ము పుచ్చుకొనుచున్నాడు. ప్రతి బ్యాంకును తన గోడలు తాను కట్టుకొని యుండినచో ఆ బండివాని వద్ద పదిపెట్టెలుండవలసివచ్చెడిది. బాట యందరిది, బండ్లు ఎవరివి వారివి. ఇదియే సామాన్య ప్రమాణము యొక్క రహస్యము.

ఇక మన మీటర్ల విషయమున స్థితి యేమి? శూన్యమని చెప్పుట యన్యాయము. భారతీయ ప్రమాణ సంస్థ స్మార్టు మీటరునకు ఐ.ఎస్. 16444 అను ప్రమాణమును 2015లో వెలువరించినది. మీటరు చెప్పు మాటలకు వ్యాకరణమును ఐ.ఎస్. 15959 నిర్ణయించినది, అది అంతర్జాతీయముగా పెక్కుదేశము లంగీకరించిన పద్ధతి ననుసరించినదే. మంచి పునాది. అయితే పునాది యిల్లు కాదు. మీటరు పలుకు భాష యొకటేయైనను, ఆ పలుకును మోయు రేడియో పద్ధతి యేదియో, దానిని వినిపించుకొను కార్యాలయపు సాఫ్టువేరేదియో బిగించినవారి యిచ్చకే చాలవరకు విడువబడినది. ఒక తయారీదారుని రేడియో మరియొకని రేడియోతో మాటలాడదు. ఒక పట్టణమున నొక గుత్తదారుని మీటర్లు లక్ష బిగింపబడిన పిమ్మట, అతడు వెల హెచ్చించినను, పని చెడగొట్టినను, దుకాణము మూసికొని పోయినను పంపిణీ సంస్థ యేమి చేయగలదు? లక్ష మీటర్లను పీకివేయగలదా? పిల్లనిచ్చినవారు చిక్కినట్లు చిక్కవలసినదే. ఒప్పందము మీద సంతకము చేయునాడు కొనువాడు రాజు. మరునాటినుండి అమ్మినవాడు రాజు.

ఇది మా కల్పన కాదు. బ్రిటనులో మొదటి తరము స్మార్టు మీటర్లను లక్షలకొలది బిగించిరి. గృహస్థు ఒక సరఫరాదారుని విడిచి మరియొకని చేరినంతనే ఆ మీటర్లలో ననేకములు మూగవోయినవి. తెలివిగల మీటరు పాత మీటరై కూర్చున్నది. వానినన్నిటిని మరల నొకే జాతీయ సమాచార వ్యవస్థలోనికి చేర్చుటకు సంవత్సరములు పట్టినది. సంపన్నదేశము గనుక తప్పును దిద్దుకొనుటకు సొమ్మున్నది. మనకు రెండుమారులు కొనుటకు సొమ్మెక్కడిది?

కేవలము సొమ్ము ప్రశ్నయేయైనచో నింతగా వ్రాసియుండము. 2020 ఆగస్టు 12వ తేది శ్రీకృష్ణజన్మాష్టమి. చెరసాల చీకటిలో పుట్టిన దేవుని పండుగనాడు ఉత్తరప్రదేశమున స్మార్టు మీటర్లు గల లక్షకు పైగా వినియోగదారుల యిండ్లు ఒక్కమారుగా చీకటియైనవి. తుపాను రాలేదు, తీగె తెగలేదు, బాకీలేనివారికిని దీపమారినది. ఎచ్చటనో యొక యాజ్ఞ తప్పుగా వెలువడినది. లక్ష మీటర్లు మంచి బంట్లవలె దానికి విధేయత చూపినవి. పూర్వము లక్ష యిండ్ల తీగెలు తెంపవలెనన్న వేయిమంది లైనుమెన్లు స్తంభములెక్కవలయును; అందొకడైనను ‘అయ్యా, ఇది తప్పేమో’ యని యడుగును. యంత్ర మడుగదు. పొరపాటుచేతనే యింత జరిగినప్పుడు, శత్రువు పూనుకొన్నచో నేమగును? 2015 డిసెంబరులో యుక్రెయినునందు దూరదేశపు దుర్మార్గులు పంపిణీ కార్యాలయముల కంప్యూటర్లలో జొరబడి రెండులక్షలకు పైగా వినియోగదారులకు విద్యుత్తు నిలిపివేసిరి. కావున దూరమునుండి తెంపు తాళపుచెవి యెవరివద్ద నున్నదనునది గృహస్థుల గొణుగుడు కాదు. దేశరక్షణకు సంబంధించిన ప్రశ్న.

మరియొక మాట. ఈ క్రొత్త తక్కెడ యెవరిని తూచుచున్నది? ఉత్పత్తియైన విద్యుత్తు ఇంటికి చేరునప్పటికి కొంత తీగెలలో తరిగిపోవును, కొంత దొంగిలింపబడును, కొంతకు సొమ్ము వసూలు కాదు. 2021 పథకము కూడ ఈ నష్టమును నూటికి 12 మొదలు 15 వంతులకు దించుటయే గమ్యముగా పెట్టుకొన్నది. మంచిది. ఆ నష్ట మెచ్చట జరుగుచున్నది? సబ్‌స్టేషనునుండి బయలుదేరు ప్రతి ఫీడరునకును, వీధిలోని ప్రతి ట్రాన్సుఫార్మరునకును నమ్మదగిన మీటరుంచి, దాని క్రిందనున్న యిండ్ల వాడుకతో సరిపోల్చిననే గదా తెలియుట! పథకములోనే యా పనియు వ్రాయబడినది. అయినను బిగింపుల యాటోపమంతయు గృహస్థుని గుమ్మమునొద్ద. ఫీడరు లెక్క, ట్రాన్సుఫార్మరు లెక్క ప్రజల కండ్లబడుట లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టజాలడని సామెత. మీటరు పట్టగలదు; దానిని ఇంటిదొంగ యున్నచోట పెట్టినచో! ప్రభుత్వ కార్యాలయములును స్థానికసంస్థలును చెల్లింపవలసిన బాకీలు కొండలవలె పెరుగుచుండ, నాలుగుదీపములవానికి ముందు సొమ్ము కట్టుమనుట కొండను విడిచి గులకరాతిని తొలిచినట్లున్నది.

చట్టమేమి చెప్పినది? 2003 విద్యుత్ శాసనపు 47వ సెక్షను, వినియోగదారుడు ప్రీపెయిడు మీటరునకు సిద్ధపడినచో నతనినుండి ధరావతు అడుగరాదని వ్రాసినది. అనగా శాసనకర్తలు దానిని గృహస్థుని యిష్టముగా తలచిరే గాని వాని మెడకు కట్టు గుదిబండగా తలపలేదు. 56వ సెక్షను, బాకీదారునకు సైతము వ్రాతపూర్వకముగా పూర్తి 15 దినముల నోటీసు ఇచ్చిన పిమ్మటనే సరఫరా తెంపవలెనని నియమించినది. 2020లో వచ్చిన నియమావళి మాత్రము క్రొత్త కనెక్షనులకు ప్రీపెయిడు మీటరే సామాన్యమనినది. బాకీపడినవానికి పదునైదు దినముల మర్యాదయుండగా, ముందుగా చెల్లించి నిల్వ తరిగినవానికి నిమిషముల మర్యాదయైన నుండవలదా? ఇంట రోగియుండవచ్చును, పిల్లవానికి పరీక్షయుండవచ్చును, కూలిడబ్బు శనివారమునకు గాని చేతికి రాకపోవచ్చును.

గృహరహస్యముల ప్రశ్నయు చిన్నది కాదు. దినమునకు 48 మారులో 96 మారులో వచ్చు లెక్కను చూచినవాడు ఆ యింటివారెప్పుడు లేచిరో, ఎప్పుడు పండుకొనిరో, ఏ దినమున ఊరిలో లేరో చెప్పగలడు. నెదర్లాండు దేశపు ఎగువసభ 2009లో ఈ కారణముచేతనే నిర్బంధ స్మార్టు మీటర్ల ప్రయత్నమును నిలిపివేసినది. పిమ్మట గృహస్థుని యిష్టమున కవకాశమిచ్చియే పని సాగినది. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24వ తేదిని వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. ఆ హక్కు గడపవద్ద ఆగిపోవునా?

సేద్యపు మోటారు సంగతి మరింత సున్నితము. తెలుగుదేశమున విద్యుత్తు కేవలము సరకు కాదు. దాని వెనుక రక్తముతో వ్రాసిన జ్ఞాపకమున్నది. 2000 ఆగస్టు 28వ తేదిని విద్యుత్ చార్జీల పెంపునకు ప్రతిఘటనగా హైదరాబాదు బషీర్‌బాగులో సాగిన ప్రదర్శనపై కాల్పులు జరిగినవి; ప్రాణములు పోయినవి. 2004లో రైతుకు ఉచిత విద్యుత్తు వచ్చినది. 2020లో కేంద్రము రాష్ట్రముల అదనపు ఋణములకు విద్యుత్ సంస్కరణలను ముడిపెట్టగా, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము శ్రీకాకుళము జిల్లాలో మోటార్లకు మీటర్లు మొదలుపెట్టినది. తెలంగాణ ప్రభుత్వము పెట్టనని నిలిచినది. సేద్యమున కెంత విద్యుత్తు పోవుచున్నదో తెలియవలెననుట న్యాయమే. కాని దానికి ప్రతి రైతు బావివద్దను కావలి యేల? సేద్యపు ఫీడరునకును ట్రాన్సుఫార్మరునకును మీటరు పెట్టి యా లెక్కను ప్రకటించినచో ప్రభుత్వమునకు లెక్క దొరకును. రైతునకు భయము తప్పును. నమ్మకము నాటకుండ మీటరు నాటినచో అది మొలవదు.

‘ఇన్ని ప్రశ్నలు వేయుచు కూర్చున్నచో పని యెప్పుడగును? ప్రపంచము మనకొరకు ఆగునా?’ యని కొందరు విజ్ఞులు మమ్మాక్షేపింపవచ్చును. తొందరపడి తప్పు పట్టాలు వేసినవారు ముందుగా చేరరని గుంతకల్లు కూలీ చెప్పగలడు. ‘వ్యయము ప్రభుత్వము భరించుచున్నది గదా’ యని మరికొందరందురు. సామాన్య రాష్ట్రములలో కేంద్రమిచ్చునది మీటరు వ్యయములో నూటికి 15 వంతులు. అదియు 900 రూపాయలకు మించదు. తక్కినది గుత్తదారుడు ముందు పెట్టుబడి పెట్టి, సంవత్సరములతరబడి నెలనెలకు పంపిణీ సంస్థనుండి రాబట్టుకొనును. పంపిణీ సంస్థకు సొమ్మెక్కడనుండి వచ్చును? ఆకాశమునుండి రాదు. చెల్లించువాడు మనమైనప్పుడు అడుగువారమును మనమే కావలయును.

కావున మా కోరికలు ఇవి. మొదటిది: ఏ తయారీదారుని మీటరైనను, ఏ రేడియోయైనను, ఏ కార్యాలయపు సాఫ్టువేరైనను ఒకదానితో నొకటి కలిసి పనిచేయవలయును, ఒకదానిని తీసి మరియొకదానిని పెట్టగలుగవలయును. ఆ పరీక్షలో గెలువని వస్తువును ప్రజాధనముతో కొనరాదు. ఆ పరీక్ష ప్రభుత్వ ప్రయోగశాలలో జరిగి ఫలితము ప్రకటింపబడవలయును. ‘ఇండియా ఎనర్జీ స్టాకు’ పేర విద్యుత్ రంగమంతటికి సామాన్యమైన సమాచారపద్ధతిని నిర్మించు ప్రయత్నము 2025లో కేంద్రము మొదలుపెట్టినది, మంచి తలంపు, అది కొద్దిమంది గదిలో గాక బహిరంగముగా సాగవలయును. రెండవది: ముందు ఫీడరు, పిదప ట్రాన్సుఫార్మరు, పిదప ప్రభుత్వ కార్యాలయము, చివరకు గృహస్థు. ఫీడరు వారీ నష్టము ప్రతి నెలయు ప్రజలకు తెలుపవలయును. మూడవది: మీటరు లెక్క గృహస్థుని సొత్తు, అతని యనుమతి లేక బిల్లునకు తప్ప మరి దేనికిని వాడరాదు, సందేహించిన ప్రతివానికి ప్రక్కనే మరియొక మీటరు పెట్టి సరిచూపవలయును. నాలుగవది: దూరమునుండి తెంపు అధికారమునకు హద్దులుండవలయును; నోటీసు లేక, రాత్రివేళ, సెలవుదినమున తెంపరాదు; ఒక్క యాజ్ఞచేత వేలకొలది యిండ్లు తెగుటకు వీలులేని యడ్డుగడ యంత్రములోనే యుండవలయును. అయిదవది: ప్రీపెయిడు గృహస్థుని యిష్టమై యుండవలయును, సేద్యమునకు నిర్బంధము కూడదు.

ఇందొకటియు అసాధ్యము కాదు. ఒకటియు శాస్త్రవిరుద్ధము కాదు. ఇంజనీర్లలో నిజాయితీపరు లనేకులు ఈ మాటలే చెప్పుదురు. వారి మాటకు బలము చేకూర్చవలసినవారు ప్రజలు.

విద్యుత్ చార్జీలు నిర్ణయించు నియంత్రణ మండలులు మన రెండు రాష్ట్రములందును బహిరంగ విచారణలు జరుపుచున్నవి. పంపిణీ సంస్థల ప్రతిపాదనలపై ఎవరైనను వ్రాతపూర్వకముగా నాక్షేపణ తెలుపవచ్చును; స్వయముగా పోయి వాదింపవచ్చును. అచ్చట పరిశ్రమలవారి వకీళ్లు కూర్చుందురు, సంస్థలవారి యధికారులు కూర్చుందురు. గృహస్థుని కుర్చీ మాత్రము చాలతావుల ఖాళీగా నుండును. ఈ పత్రికను పఠనమందిరమున చదువు సోదరులారా! ఆ కుర్చీ మీది. మీ వీధి ట్రాన్సుఫార్మరు లెక్క యేదియని మీ పట్టణ విద్యుత్ కార్యాలయమున కొక యుత్తరము వ్రాయుడు. క్రొత్త మీటరు తెచ్చినవానిని దూషింపకుడు, వాడును కూలివాడే. వానిని పంపినవారి నడుగుడు: ఈ తక్కెడను పరీక్షించినదెవరు? దీని తాళపుచెవి యెవరివద్ద నున్నది? గుత్తదారుడు మారినచో ఇది మాటలాడునా, మూగవోవునా?

తూకపురాయి మనదైననాడు సంత మనదైనది. విద్యుత్తు కొలతయు మనదైననే ఈ వెలుగు మనదగును. అంతవరకు అది యింటిలో నున్నను ఎరువు దీపమే.